మునిగి చచ్చిన కొర్రమీను

నా చిన్నప్పుడు మా అవ్వ పక్కన పడుకునే చోటు నాది. అవ్వ అంటే మా నాయనమ్మ. ఎల్లారెడ్డిలో మా ఇంటి వాకిట్లో ఎండాకాలం అందరం మంచాలు వాల్చుకొని పడుకునేవాళ్లం. అవ్వ నులక మంచంలో గోడ వైపు అవ్వ, ఇవతల నేను. కొంగు కొస నా పిడికిట్లో ఉంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. ఆ చోటు నాదని ఎవరూ రాసివ్వలేదు కానీ, ఆకాశం పైన ఉన్నది అన్నంత ధీమాగా ఉండేదాన్ని. ఒక ఎండాకాలం కామారెడ్డి నుంచి మా పెద్దబాపు, అంటే మా నాయన అన్న, బిడ్డ వచ్చి ఆ చోట్లో పడుకుంది.

ఆమె నాకంటే కొన్ని నెలలే పెద్ద. అంతమాత్రానికే అక్కా అని పిలవాలని మా అమ్మ పట్టుబట్టేది. పిలిచేదాన్ని, కానీ పళ్లు కొరుకుతూ పిలిచేదాన్ని. అక్కకు ఆయాసం ఉండేది. మా దిక్కు దానిని దమ్ము అంటారు. కామారెడ్డిలో వాళ్ల ఇంటి పక్కనే బియ్యం మిల్లు ఉండేది. ఆ ఊక దుమ్ముకు ఎక్కువవుతున్నదని, సెలవుల్లో పల్లె గాలి తగిలితే నయమని ఆమెను మా ఇంట్లో దింపిపోయారు. ఎల్లారెడ్డిని పల్లె అన్నందుకే నాకు సగం ఒళ్లు మండింది. మాకూ బస్టాండు ఉంది, తహసీలు కచేరి ఉంది.

మిగతా సగం ఎందుకు మండిందో చెప్తే ఒక పట్టాన తెగదు. అక్కకు మేకపాలు. నాకు గంజి. అక్కకు స్నానానికి వేడినీళ్లు, అవి మోసేది నేను. అక్క చెంబెడు నీళ్లు ఎత్తబోయినా అవ్వ ఉరికి వచ్చి చేతిలోంచి లాక్కునేది. నేను బిందె నెత్తిన, ఇంకో బిందె చంకన పెట్టుకొని వస్తుంటే మాత్రం ఒలకబోయకు అని కేకేసేది. అక్క దగ్గితే ఇల్లంతా లేచి కూర్చునేది. నేనూ ఒకసారి గట్టిగా దగ్గి చూశాను. మామిడికాయలు దొంగచాటున తింటున్నావా అని మా అమ్మ వీపు మీద ఒకటి వేసింది. అదంతా అక్క వేషమని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. ఊపిరి పీల్చుకోవడం కూడా ఒక పనేనా, అది రాకపోవడమేమిటి అని నా అనుమానం. నా కుళ్లు ఎంత ముదిరిందంటే, అన్నం దగ్గర అవ్వ చేయి ముందు ఎవరి పళ్లెం వైపు పోతుందో చూసి గాని ముద్ద ఎత్తేదాన్ని కాదు.

అంతలో మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. రోహిణి ఎండలు తగ్గి మృగశిర వచ్చిన రోజున మా దిక్కు చేపలు తినే ఇండ్లలో చేపల కూర తప్పదు. ఆ రోజు తింటే ఏడాదంతా దగ్గూ దమ్మూ దగ్గరికి రావని పెద్దల నమ్మకం. ఆనాటికి చేపలు దొరకడం కష్టమని కొందరు ముందే ప్రాణమున్న కొర్రమీనును తెచ్చి ఇంట్లో దాచుకునేవాళ్లు. మిగతా చేపలు నీళ్లలోంచి తీయగానే పోతాయి. కొర్రమీను గట్టిది, అడుగున కాసిన్ని నీళ్లుంటే చాలు, రోజులకు రోజులు ఉంటుంది. మా అవ్వ పోచారం చెరువు నుంచి వచ్చిన కొర్రమీనును తీసుకొని, పశువులు తాగే నీళ్ల గోలెం కడిగి అందులో వేసింది. గోలెం సగానికి తక్కువే నీళ్లు పోసి, ఎగిరి బయట పడకుండా పైన వెదురు గంప బోర్లించి రాయి పెట్టింది. అక్కను పిలిచి గంప సందులోంచి చూపించి, ఇది నీ కోసమే బిడ్డా, నడిమి ముక్కలన్నీ నీకే, నీ దమ్ము ఇగ మళ్ల రాదు అన్నది.

నడిమి ముక్కలన్నీ. నేను అక్కడే వడ్లు జల్లిస్తూ కూర్చొని ఉన్నాను. నాకు తోక ముక్క మిగులుతుందో, తలకాయ మిగులుతుందో అని లెక్క వేసుకుంటూ జల్లెడ పక్కన పడేసి, "గా చేప సస్తె మంచిగుండు" అన్నాను. అమ్మ విన్నది, అవ్వ విన్నది, మా ముందరి అర్రలో కిరాయికి ఉండే టీచరమ్మ కూడా విన్నది. నేను లేచి బయటికి పోయాను. మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

మరునాడు మధ్యాహ్నం అవ్వ, అమ్మ నారుమడికి దుక్కి దున్నిస్తున్న చోటికి పోయారు. అక్కను చూసుకోమని నాకు చెప్పిపోయారు. నేనెందుకు చూసుకుంటాను. కొట్టం అటక ఎక్కి ఎండుగడ్డి మీద పడుకొని నా కష్టాలు నేను తలచుకుంటూ నిద్రపోయాను. పొద్దు గూకుతుండగా అవ్వ గొంతు విని దిగి వచ్చాను. గోలెం నిండా అంచు వరకు నీళ్లున్నాయి. గంప పక్కన పడి ఉంది. దాని బదులు మా వడ్ల జల్లెడ గోలెంలో నీళ్ల కిందికి బిగుతుగా దిగి ఉంది, దాని మీద రాయి. జల్లెడ కింద కొర్రమీను పొట్ట పైకి తిరిగి తేలకుండా ఆగి ఉంది.

దానంతట అదే చచ్చిన చేపను మా ఇంట్లో వండరు. మృగశిర తెల్లవారే. ఆ సాయంత్రం ఎల్లారెడ్డి అంతా వెదికినా ప్రాణమున్న చేప దొరకదని అందరికీ తెలుసు. అమ్మ నా రెక్క పట్టుకొని గోలెం దగ్గరికి గుంజుకొచ్చింది. "నిన్ననే అన్నవు గదనే సస్తె మంచిగుండునని. ఇప్పుడు నీ కడుపు సల్లబడ్డదా" అన్నది. నేను ముట్టలేదని చెప్పాను. జల్లెడ ఎవరిది, నీళ్లు తోడేది ఎవరు, అక్క చెంబు కూడా ఎత్తదు గదా అని అడిగింది. అన్నీ నిజాలే. నేను అవ్వ వైపు చూశాను. అమ్మ తిట్లు నాకు లెక్కలేదు, అవి రోజూ ఉండేవే. అవ్వ నన్ను ఒక్క మాట అడుగుతుందని, నేను కాదని చెప్తే నమ్ముతుందని అనుకున్నాను. అవ్వ అడగలేదు. నా ముఖం వైపు చూడకుండా గోలెంలోకే చూస్తూ నిలబడింది. మంచంలో చోటు పోయినప్పుడు కూడా నాకు అంత దుఃఖం రాలేదు. చోటు పోతే మళ్లీ రావచ్చు, అక్క సెలవులు అయిపోగానే పోతుంది. నేను చేపను చంపేదాన్నని అవ్వ అనుకుంటే అది ఎప్పటికి పోవాలి.

మా టీచరమ్మ నిజామాబాదు మనిషి. హైస్కూల్లో సైన్సు చెప్పేది. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయని ఆ వారమే ఊరి నుంచి వచ్చింది. గొడవ విని అర్రలోంచి బయటికి వచ్చి, గోలెం దగ్గర కూర్చొని జల్లెడ తీసి, చేపను పళ్లెంలో వేసి ఇటూ అటూ తిప్పింది. ఎవరు చంపారని అడగలేదు. కాసేపు చూసి, ఇది నీళ్లలో మునిగి చచ్చిపోయిందమ్మా అన్నది.

అవ్వ ఆ బాధలోనూ ముక్కు మీద వేలేసుకుంది. "చేప మునిగి సచ్చుడేంది టీచరమ్మా, మా తోని పరాష్కాలా?"

టీచరమ్మ చేప మొప్ప మీది మూతను వేలితో లేపి లోపల ఎర్రగా దువ్వెన పళ్లలాగా ఉన్న మొప్పలు చూపించింది. బొచ్చె చేపకు, రవ్వుకు ఇవి చాలునట. నోట్లోంచి నీళ్లు తీసుకొని వీటి మీదుగా వదులుతుంటే ఆ నీళ్లలో కరిగి ఉన్న గాలి రక్తంలోకి ఎక్కుతుంది. కొర్రమీనుకు అవి చాలవు. మొప్పల పైన తలలో దానికి ఒక చిన్న అర ఉంది. అది మాటిమాటికి పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగి ఆ అరలో నింపుకుంటుంది. అందుకే చెరువు ఎండినా బురదలో బతుకుతుంది, మూరెడు నీళ్లలోనూ బతుకుతుంది. పైకి రానివ్వకపోతే మాత్రం నిండు నీళ్లలో ఊపిరాడక చస్తుంది. ఇదంతా ఆమె నెమ్మదిగా, తరగతిలో చెప్పినట్టు కాకుండా, అవ్వతో ముచ్చట పెడుతున్నట్టు చెప్పింది. చివరికి, దీన్ని చంపాలనుకున్న వాళ్లయితే నీళ్లు పారబోస్తారు గాని ఇంత కష్టపడి నింపరు, ఎవరో దీన్ని బతికించాలని చూశారు అన్నది.

మంచం మీద కూర్చున్న అక్క అప్పుడు నోరు తెరిచింది. "నేనే" అన్నది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "అది మాటిమాటికి పైకొచ్చి నోరు తెరుస్తున్నది. నా లెక్కనే. దానికి గూడ దమ్మొచ్చిందనుకున్న. నీళ్లు తక్కువైనయని చెంబుతోని పోసిన. అయినా పైకే వస్తున్నది. చేపలు నీళ్లల్ల గాలి పీలుస్తయని మా బడి పుస్తకంల ఉన్నది గదా, లోపల ఉంటె మంచిగైతదని జల్లెడ పెట్టిన."

ఇంటెడు మందిలో ఒక్కరూ ఆమెను ఏమీ అనలేదు. అమ్మ పోయి వీపు నిమిరింది. అవ్వ, అంతసేపు నీళ్లు మోసినవా బిడ్డా అని కళ్లు తుడుచుకుంది. నేను చేయనిదానికి నాకు రెక్క వాచింది. ఆమె చేసినదానికి వీపు నిమరడం. నా మీది నేరం పోయిందన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు, దాని మీదికి మళ్లీ కుళ్లే వచ్చి కూర్చుంది. నాకు తెలిసిన న్యాయం ప్రకారం ఇప్పుడు అందరూ వరుసగా వచ్చి నన్ను బతిమాలాలి. ఎవరూ రాలేదు. దీపాల వేళ అయింది, ఎవరి పనికి వాళ్లు పోయారు.

అవ్వ పెరట్లో చేపను పాతిపెట్టడానికి గుంత తవ్వుతుంటే నేను వెనకే పోయి నిలబడ్డాను. నన్నెందుకు అడగలేదు అన్నాను. ఏడవకూడదనుకున్నాను కానీ ఏడుపు వచ్చేసింది. అవ్వ పార పక్కన పెట్టింది. "అడిగితే ఔను అంటవేమోనని బుగులైంది బిడ్డా" అన్నది. "నువ్వు ఔనంటే నేనేమైపోదును."

నాకు ఆ మాట ఓదార్పుగా తోచలేదు. అంటే అవ్వ కూడా అనుకుందన్నమాట. అబద్ధం చెప్పి, నేనేనాడూ అనుకోలేదు అని ఉంటే అప్పటికి నాకు సుఖంగా ఉండేది. అవ్వ అలా చెప్పే మనిషి కాదు. నా ఎదురుగా అంత భయం ఒప్పుకున్నదంటే నేనంటే ఎంత ప్రాణమో తెలియడానికి నాకు పిల్లలు పుట్టవలసి వచ్చింది.

మరునాడు మృగశిర. పొద్దున నాలుగు చినుకులు పడి మట్టి వాసన లేచింది. మా ఇంట్లో కార్తె తప్పొద్దని అవ్వ ఎండుచేపలు వేయించింది. మధ్యాహ్నం టీచరమ్మ మమ్మల్నిద్దరినీ వసారాలో కూర్చోబెట్టింది. ఇద్దరం చెరో మూల కూర్చున్నాం. ఆమె ఒక మిడతను పట్టి దాని తల ఒక్కటే గ్లాసు నీళ్లలో ముంచి పట్టుకుంది. చస్తుందని అక్క చెవులు మూసుకుంది, కళ్లు మూసుకోవడం మరిచిపోయి. మిడతకు ఏమీ కాలేదు, కాళ్లు ఆడిస్తూనే ఉంది. దాని ముక్కు తలలో లేదట, పొట్టకు అటూ ఇటూ సన్నటి రంధ్రాలున్నాయట. తర్వాత వాన తడికి బయటికొచ్చిన వానపామును చూపించింది. దానికి ముక్కు లేదు, మొప్పలు లేవు, ఒంటి తడి తోలుతోనే గాలి తీసుకుంటుంది, తోలు ఆరితే చస్తుంది. కప్పకు లోపల తిత్తులూ ఉన్నాయి, తోలూ పనిచేస్తుంది. మిడతను ఒక్కసారి పట్టుకుంటానని నేను అడిగేలోపే టీచరమ్మ దాన్ని అక్క చేతిలో పెట్టింది. నేను నా మూలకు ఇంకొంచెం జరిగాను.

తీసుకున్న గాలి ఒళ్లంతా ఎట్లా పోతుందని అక్క అడిగింది. టీచరమ్మ మా ఇద్దరికీ తెలిసిన దానితోనే చెప్పింది. మనకు పోచారం కాలువ ఉన్నట్టు అన్నది. ఊపిరితిత్తుల దగ్గర గాలి రక్తంలోకి ఎక్కుతుంది, గుండె ఆ రక్తాన్ని పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువల్లోకి తోస్తుంది, మడి మడికీ అదే అందిస్తుంది, అక్కడి చెడ్డ గాలిని తిరిగి మోసుకొస్తుంది. మిడతకు కాలువ అక్కర్లేదు. దానికి మడి మడికో బావి. ఆ రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు ఒంట్లో ప్రతి చోటికీ నేరుగా గాలినే తీసుకుపోతాయి, దాని రక్తానికి గాలి మోసే పని లేదు. మీ ఇద్దరికీ కాలువే, అయితే నీకు తూము దగ్గర అడ్డం పడుతున్నది అని అక్కతో అన్నది. తూము అడ్డం పడితే పొలం గొప్పదైనా ఏం లాభం అని ఆమె అంటుంటే నేను మొదటిసారి అక్క ముఖం కోపం లేకుండా చూశాను. అప్పుడే ఆమె కళ్ల కింద నలుపు నాకు కనబడింది.

అంతటితో వదిలిపెట్టలేదు టీచరమ్మ. కిరసనాయిలు పోసే గరాటు ఒకటి కడిగి, దాని కొసకు సైకిల్ ట్యూబు ముక్క బిగించింది. ఒకరు గరాటు ఛాతీకి ఆనించుకోవాలి, ఇంకొకరు ట్యూబు చెవిలో పెట్టుకోవాలి, ఎవరిది వాళ్లు వింటే లెక్కలోకి రాదు అన్నది. దీనికోసం మేము మూలలు వదిలి దగ్గరికి జరగవలసి వచ్చింది. ఆమె ఎత్తు అదేనని నాకు అనుమానం, ఆమె మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ముందు నేను విన్నాను. గుండె దడదడ కొట్టుకోవడం వినిపించింది. దాని చుట్టూ ఇంకో చప్పుడు. మూసిన తలుపు సందులోంచి ఈదురు గాలి దూరినట్టు, సన్నగా, ఈల వేసినట్టు, తీసుకునేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు ఇంకొకటి. ఆమె ఊరికే కూర్చొని ఉంది. దగ్గడం లేదు, రొప్పడం లేదు. ఎవరూ చూడనప్పుడు కూడా, నిద్రలో కూడా, అన్నం తినేటప్పుడు కూడా లోపల ఆ గాలి అట్లా కొట్లాడుతూనే ఉంటుందని నాకు అర్థమైంది. అది వేషం కాదు. ఎవరి వేషమూ చర్మం లోపల అంత నడవదు.

తర్వాత అక్క విన్నది. గరాటు నా ఛాతీకి ఆనించుకున్నాను. చాలాసేపు విన్నది. ట్యూబు తీసి ఊది చూసి మళ్లీ చెవిలో పెట్టుకుంది. ఇంకా గట్టిగా పీల్చు అన్నది, పీల్చాను. ఆమె ముఖం ఏదోలా అయింది.

"ఏం సప్పుడు లేదు" అన్నది టీచరమ్మతో. "గింత సప్పుడు లేకుండ గూడ ఉంటదా?"

ఉంటుంది, అట్లనే ఉండాలి అన్నది టీచరమ్మ. అక్క ట్యూబు కింద పెట్టి నా వైపు తిరిగింది. తల వంచుకొని కాదు, సూటిగా నా కళ్లలోకి చూసి చెప్పింది. "నువ్వు రెండు బిందెలు ఎత్తుకొని పాట పాడుకుంట వస్తవు. అది సూస్తే నాకు కడుపు మండుతది. అవ్వ పక్కన పండుకున్న గూడ మండుతది. నీకు నిద్ర పడతది, నాకు పట్టది."

అన్ని రోజులూ ఆ ఇంట్లో కుళ్లు అంటే నా ఒక్కదాని సొత్తు అనుకున్నాను. గంజి తాగి బిందెలు మోసే నా మీద కుళ్లుకునే మనిషి ఉంటుందని నాకు కలలో కూడా తోచలేదు. నిజం చెప్పాలంటే ముందు నాకు గర్వం వచ్చింది. ఆ పూట వాకిట్లో ఛాతీ విరుచుకొని ఊరికే నాలుగుసార్లు తిరిగాను. జాలి ఆ తర్వాత, ఆ ఈల చప్పుడు మళ్లీ గుర్తుకొచ్చినప్పుడు వచ్చింది. ఆ వారం అవ్వ పక్కన చోటు నాకు రాలేదు. అక్కను కూర్చోబెట్టి వీపుకు దిండు ఆనించి నిద్రపుచ్చాలి, అవ్వే ఆ దిండు. చూస్తే నాకు మండలేదా అంటే మండింది. కాకపోతే ఈసారి మా ఇద్దరి మంటా ఒకరిది ఒకరికి తెలుసు. దాంతో అక్కా అని పిలవడానికి పళ్లు కొరకవలసిన పని లేకపోయింది.

ఇప్పుడు నాకు మనుమరాళ్లు ఉన్నారు. కుళ్లు పోయిందని చెప్తే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. తోటికోడలు కొత్త ఇల్లు కట్టినా, పక్కింటి వాళ్ల బోరులో నీళ్లు ఎక్కువ పడ్డా నాకు ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. అప్పుడు ఒక పని చేస్తాను. ఉన్నచోటే కూర్చొని నిండుగా ఒక ఊపిరి తీసుకొని, చప్పుడు లేదని విని, వదులుతాను. మంట పూర్తిగా చల్లారదు కానీ, నా దగ్గర ఏమీ లేదన్న మాట మాత్రం నోటికి రాదు.

అక్క కామారెడ్డిలోనే ఉంది. సంచిలో చీర కంటే ముందు గాలి మందు పీల్చే గొట్టం పెట్టుకుంటుంది. మబ్బు పట్టిన రోజున తెల్లవారగానే నేను ఫోను చేస్తాను. ఆమె ఎత్తిన వెంటనే మాట్లాడదు, ముందు ఊపిరి వినిపిస్తుంది, తర్వాత మాట. ఆ ఊపిరి వినిపించేదాకా నేను నాది బిగబట్టుకొనే ఉంటాను.